పానిస గోత్రం

పోయిన వారం పంజగుట్ట బస్సు స్టాపులో ఒకాయన నన్ను ఆపి, "మీరు అమీర్‌పేట దర్జీ గారి అమ్మాయి కదూ?" అన్నాడు. తల నెరుస్తున్న మనిషిని పట్టుకుని ఎవరైనా ‘అమ్మాయి’ అంటే నాకు కోపం రాదు, అనుమానం వస్తుంది. ఆయన నాకు ఇంటికొచ్చి ఇంగ్లీషు చెప్పిన పంతులుగారి మేనల్లుడట. పంతులుగారు పోయారని చెప్పాడు. బందరులో, సొంత ఇంట్లోనే, బాధేమీ పడకుండా. బస్సు వచ్చే లోపలే గుణగణాలు కూడా చెప్పెయ్యాలన్న తొందరలో, "మా మావయ్య మహా నిష్ఠాపరుడండీ. అన్నేళ్లు మీ హైదరాబాదులో ఉండి కూడా ఒక్కరింట మెతుకు ముట్టలేదు" అన్నాడు.

చావు కబురు చెబుతున్న మనిషితో రోడ్డు మీద వాదం పెట్టుకోకూడదన్న ఇంగితం ఈ వయసుకైనా నాకు వచ్చింది. కాని పోయినవాళ్లను ఇలా ఇస్త్రీ చేసి మడతపెట్టేయడం నాకు గిట్టదు. దర్జీ కూతుర్ని. గట్టిగా ఇస్త్రీ కొడితే కుట్టు ఎక్కడ పక్కకు పోయిందో కనపడదని నాకు తెలుసు. పంతులుగారిలో పక్కకు పోయిన కుట్టు ఒకటి ఉంది. నా చదువు దానిమీదే నిలబడింది.

ఆయన పేరు రాయను. ఉన్నప్పుడే ఎవరూ ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు. మా నాయనకు ‘పంతులు’. మా అవ్వకు ‘ఆ బాపనాయన’. నేను మొదట్లో ‘సార్’ అన్నాను. అనగానే గొడుగు మొనతో నేలను పొడిచి, "ఆగు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? లాటిన్‌లో ‘సీనియర్’, అంటే వయసు మళ్లినవాడు. స్పెయిన్ వాళ్ల ‘సెన్యోర్’ కూడా అదే. నాకింకా నలభై నిండలేదు" అన్నాడు. నేను మానలేదు. మళ్లీ మళ్లీ అన్నాను. పొడిచి పొడిచి ఆయనే విసిగిపోయాడు.

గొడుగు సంగతి చెప్పాలి. ఎండ లేదు, వాన లేదు, రోడ్డు మీద ఉన్నంతసేపూ అది తెరిచే ఉండేది. అప్పట్లో పంజగుట్ట నుంచి అమీర్‌పేటకు రావాలంటే రాళ్ల గుట్టల మధ్య ఒక కంకర బాట, అప్పుడప్పుడు ఒక జట్కా, ఎన్నడో గాని ఒక మోటారు. ఆ బాట మీద నల్లగొడుగు ఒకటి వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, కింద ఉన్న మనిషికి ఏదో మాట తగిలిందన్నమాట. మాట పుట్టుక తేలేదాకా కాలు కదలదు. వెనక వచ్చే జట్కావాడు, "ఓ పంతులూ, జర పక్కకు జరుగు భాయ్, గుర్రానికి కోపమొస్తది" అని అరవాల్సిందే. రెండో చేతిలో మూత బిగించిన ఇత్తడి చెంబు, అందులో ఆయన మంచినీళ్లు. మా ఇంటికి వచ్చినా, లాటు సాహెబు ఇంటికి వెళ్లినా ఆ నీళ్లే.

ఎర్రమంజిల్ గుట్ట కింద ఒక జాగీర్దారు బంగళాలో ఆయన పుస్తకాలను చూసుకునేవాడు. చూసుకోవడమే. చదివేవాళ్లు అక్కడ వేరే లేరు. జాగీర్దారు గారు విలాయత్ పోయినప్పుడల్లా పుస్తకాలను పెట్టెల లెక్కన కొనుక్కొచ్చి, అద్దాల బీరువాల్లో తోలు అట్టలు ఎట్లా మెరుస్తున్నాయో చూసుకుని మురిసేవాడట. ఆ బీరువాల్లో ఒక స్పానిష్ నిఘంటువు ఉంది. లాటిన్ ఆయనకు బందరులో పాద్రీల కాలేజీలో అబ్బింది. స్పానిష్ మాత్రం ఆ నిఘంటువులోంచే, ఊరికే కూర్చోలేక, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మింగాడు. జన్మలో ఒక స్పెయిన్ మనిషిని చూడలేదు. దాహం వేస్తే ఆ భాషలో నీళ్లు అడగలేడు. "ఆ భాష నాకు రాదమ్మాయ్. అందులో చుట్టరికాలు తెలుసు, అంతే" అనేవాడు.

ఆయన చదువు చెప్పే పద్ధతంతా ఆ చుట్టరికాలే. మా బడిలో పాఠాలన్నీ ఉర్దూలో నడిచేవి. ఇంగ్లీషు అంటే మాకు పరాయి ఊళ్లో పెళ్లి లాంటిది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక గోడకు ఆనుకుని నిలబడేవాళ్లం. ఆయన వచ్చి ఒక్కొక్క మాటనూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. బ్రాహ్మల పిల్లలు పెద్దలకు దండం పెట్టేటప్పుడు రెండు చెవులూ పట్టుకుని గోత్రమూ ఋషుల పేర్లూ అప్పజెబుతారు. దాన్ని ప్రవర అంటారు. మా పంతులుగారు మాటల చేత ప్రవర చెప్పించేవాడు. మాటకు చెవులుండవు కాబట్టి నావి పట్టుకోమనేవాడు.

మొదటిసారి అలా నిలబెట్టినప్పుడు మా అవ్వ చూసింది. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అవ్వే, మా నాయన తల్లి. వంటింట్లోంచి వచ్చి, "పిల్ల ఏం తప్పు జేసిందని చెవులు పట్టిస్తున్నవయ్యా?" అంది.

"తప్పు కాదమ్మా, నమస్కారం."

"నమస్కారమైతే చేతులతోని పెట్టాలె గాని చెవులతోని పెడ్తరా? బాపనోళ్ల కత ఏందో" అని లోపలికి పోయింది.

అప్పట్లో స్పెయిన్‌లో సొంత మనుషులే ఒకళ్లనొకళ్లు చంపుకుంటున్నారు. జాగీర్దారు చదివి పారేసిన పత్రికను పంతులుగారు మడతపెట్టి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఒకనాడు అందులో ఒక మాట చూపించాడు. అక్కడి సిపాయిలు ఒకళ్లనొకళ్లు పిలుచుకునే మాట, ‘కొంపాన్యేరో’.

"లాటిన్‌లో ‘కుమ్’ అంటే ‘తో’. ‘పానిస్’ అంటే రొట్టె. ఎవడితో కలిసి రొట్టె తింటామో వాడు కొంపాన్యేరో. ఇంగ్లీషులో కంపానియన్ ఎవరనుకున్నావ్? వీడి పినతండ్రి కొడుకే. ఊఁ, పట్టుకో చెవులు."

పట్టుకున్నాను. ఆయన ముందు చెప్పాడు, నేను వెనక చెప్పాను. "కంపానియన్ అనే నేను, పానిస గోత్రోద్భవుణ్ణి, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు త్రయార్షేయ ప్రవరాన్వితుణ్ణి, అహం భో అభివాదయే!"

ఇక ఆ సాయంత్రమంతా పానిస గోత్రంవాళ్లు బారులు తీరారు. కంపెనీ అంటే కలిసి రొట్టె తినేవాళ్ల గుంపు. అకంపనీ అంటే ఆ గుంపులోవాడు దారిలో తోడు రావడం. రొట్టెలు దాచుకునే గది పాంట్రీ. రొట్టెలు మోసే బుట్ట పానియర్. పోర్చుగీసు బుడతకీచులు అదే పానిస్‌ను నమిలి నమిలి ‘పావ్’ చేసి ఓడ దింపితే, మన ఇరానీ హోటల్లో అమ్మే పావురొట్టె అయింది. తూర్పిండియా కంపెనీని మన తాతలు కుంపిణీ అన్నారు కదా, అది కూడా ఈ గోత్రమే.

మా నాయన ముందు గదిలో మిషను తొక్కుతూ ఇదంతా వింటున్నాడు. వేలితో చక్రం ఆపి, "కుంపిణోళ్లు మనతోని ఎన్నడు రొట్టె తిన్నరు పంతులూ?" అన్నాడు.

"మనతో తినలేదు మాస్టరు గారూ. మనది తిన్నారు." నాయనను ఆయన అలాగే పిలిచేవాడు, దర్జీ మాస్టరని.

నాయన నవ్వాడు. మళ్లీ మిషను తొక్కాడు. నేను మాత్రం నవ్వలేదు. నాకు అప్పటికే పదమూడేళ్లు, నోరు ఇప్పటిదే.

"అయితే మీరు ఎవల కంపానియన్ సార్?"

"నేనా?" అని ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, తప్పించుకోవడానికి కాదు. "నేను నిఘంటువునమ్మాయ్. నిఘంటువు ఎవరితోనూ తినదు."

"మనకు సుత ఆ మాట ఉన్నది సార్. ఒక్క కంచంల తిని ఒక్క మంచంల పన్నోళ్లు అంటరు. మా అవ్వ ఒక్క పళ్లెంల తినుడును పొత్తుల తినుడంటది."

"పొత్తు!" గొడుగు మొన టక్కుమంది. "అవును. పొత్తు. భేషుగ్గా ఉంది. మరి ఇన్నాళ్లూ చెప్పవేం?" అని, నేను అడిగిన సంగతి పూర్తిగా వదిలేసి, పొత్తు వెనకాల పడి ఎటో వెళ్లిపోయాడు. ఆయనతో వచ్చిన చిక్కు అదే. రాయి విసిరితే తగిలేది కాదు. దాన్ని పట్టుకుని ఇది ఏ గనిలోది అని చూసేవాడు.

చదువు చెప్పినందుకు ఆయన రూపాయలు తీసుకునేవాడు కాదు. నెలకొకసారి స్వయంపాకం తీసుకునేవాడు. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. ఇంకొకరి చేతి వంట తినని బ్రాహ్మడికి అన్నానికి బదులు వండని సరుకులు ఇవ్వడం. బియ్యం, కందిపప్పు, బెల్లం, నెయ్యి, కూరగాయలు ఉత్తరీయంలో పోస్తే మూట కట్టుకుపోయి, పంజగుట్టలో తన గదిలో తానే వండుకుని తలుపు వేసుకుని తినేవాడు. పచ్చి బియ్యానికి మైల లేదట. ఉడికితే వస్తుందట.

"అయితే మైల పొయ్యిల ఉంటదా సార్, మా చేతిల ఉంటదా?" అని అడిగాను. దానికి మాత్రం ఆయన ఏ భాషలోనూ మూలం చెప్పలేదు.

ఇట్లా రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. బేగంపేట గాలిమోటర్ల మైదానం దగ్గర సిపాయిలు పెరిగారు, నాయనకు ఖాకీ బట్టల పని పెరిగింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటే కులంలో మర్యాద కూడా పెరగాలి కదా. మేం పద్మశాలీలం. సిద్దిపేటలో మగ్గం వదిలి మిషను పట్టుకున్న కుటుంబం. అమీర్‌పేటలో మా వాళ్లు కూర్చునే చోట ఒకాయన నాయనను నలుగురిలో పట్టుకుని, "నీ ఇంట్ల నీళ్లు ముట్టనోనికి నెలనెల బియ్యం పోస్తున్నవట. పిల్లకు చదువు నేర్పిస్తున్నవా, నువ్వు తక్కువోనివని నేర్పిస్తున్నవా?" అన్నాడట. నాయన ఇంటికి వచ్చి గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు. కత్తెర ఒక్కటే మాట్లాడింది.

మర్నాడు పంతులుగారు వచ్చి కూర్చోగానే నాయన మిషను మీద నుంచి లేచాడు.

"పంతులూ, ఒక్క మాట అడుగుత. మా బియ్యం తింటరు. మా పప్పు తింటరు. మేం వండితే తినరు. గిదేం లెక్క?"

"అది నా నియమం మాస్టరు గారూ. మిమ్మల్ని తక్కువ చెయ్యడం కాదు."

"మీరు జేస్తలేరు. గని నేను తక్కువైతున్న." నాయన అంగీ గుండీ విప్పి లోపలి జంధ్యం బయటికి లాగాడు. "మాకు సుత ఉన్నది. మార్కండేయుని వంశమోళ్లం. వచ్చేది నూలు పున్నమి. ఆ దినం మీరూ కొత్తది వేసుకుంటరు, నేనూ వేసుకుంట. ఆ దినం మా ఇంట్ల, మా చేతి వంట తినున్రి. తింటే పిల్లకు చదువు చెప్పున్రి. తినకుంటే ఇగ రాకున్రి."

"నాయినా, మెట్రిక్—"

"నువ్వు నోర్ముయ్యి."

పంతులుగారు నా వైపు చూడలేదు. లేచి చెంబు తీసుకున్నాడు. గడప దాటకముందే, ఇంట్లోనే, గొడుగు తెరిచాడు. అది ద్వారబంధానికి తట్టుకుంది. మూసి, బయటికి వెళ్లి, మళ్లీ తెరుచుకున్నాడు.

పున్నమి దాకా ఆయన రాలేదు. నాకు పోయేదేమిటో నాకు స్పష్టంగా తెలుసు. ఇంగ్లీషు గట్టెక్కకపోతే మెట్రిక్ లేదు. మెట్రిక్ లేకపోతే కాలేజీ లేదు. కాలేజీ లేకపోతే సిద్దిపేటలో బట్టల దుకాణం ఉన్న ఒక సంబంధం ఉంది, వాళ్లు అప్పటికే రెండుసార్లు మనిషిని పంపారు. ఒక ఆడపిల్లకు ఇంగ్లీషు చెప్పడానికి ఊరవతల అమీర్‌పేట దాకా నడిచి వచ్చే పంతులు ఇంకొకడు దొరకడు. నేను ఒక్కదాన్నే కూర్చుని పుస్తకం తెరిస్తే మాటలన్నీ మళ్లీ పరాయి పెళ్లిలో నిలబడిపోయేవి. కోపంతో చెవులు పట్టుకుని చూశాను. ప్రవర రాలేదు.

అవ్వకు నా చదువు మీద పెద్ద ఆశ ఏమీ లేదు. కాని నేను అన్నం సరిగా తినకపోవడం చూడలేకపోయింది. ఇంకో భయం కూడా ఉండేది. "బాపనాయన నిష్ఠ చెడగొడితే ఆ పాపం ఆయనకు గాదు, మనకు తగుల్తది. నీ నాయినకు పౌరుషం ఉన్నది గని బుద్ధి లేదు" అనేది. రెండింటినీ కలిపి అవ్వ ఒక ఉపాయం పన్నింది. ఎంత ప్రేమతో పన్నిందో అంతకంతా పని చెడగొట్టేదే.

నూలు పున్నమి పొద్దున నాయన కులంవాళ్లతో జంధ్యం మార్చుకోవడానికి వెళ్లాడు. అటు ఆయన వెళ్లగానే ఇటు ఖైరతాబాదు నుంచి ఒక బ్రాహ్మల వంటాయన దిగాడు. కొత్త కుండలు, తడి పంచె, మూడు రాళ్ల పొయ్యి, పెరట్లో మడి. అవ్వ పదడుగుల దూరంలో నిలబడి, "కందిపప్పుల ఇంగువ ఎయ్యి అయ్యా, ఆయనకు మంచిగుంటది" అని చెబుతోంది. పంతులుగారు ఏం తింటాడో, ఎట్లా తింటాడో ఆమె ఎన్నడూ చూసింది లేదు.

నేను, "అవ్వా, మన చేతి వంట తినాలని కదా నాయిన అన్నది" అన్నాను.

"బియ్యం మనయి. కట్టెలు మనయి. ఇల్లు మనది. చెయ్యి ఒక్కటే ఆయనది. గంతేనా?"

నా జీవితంలో నేను ఓడిపోయిన వాదాలు తక్కువ, వాటిలో ఇది ఒకటి.

పంతులుగారు నాయన కంటే ముందే వచ్చాడు. మెడలో కొత్త జంధ్యం, మొహంలో మూడు రోజుల నిద్ర కరువు. పెరట్లో వంటాయనను చూశాడు. చూడగానే ఆయన భుజాలు దిగడం నేను గమనించాను. ఉరి తప్పిన వాడి భుజాలు. వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. వంటాయన విస్తరి వేశాడు. ఆయన కూర్చున్నాడు. అన్నం, పప్పు, నెయ్యి పడ్డాయి. అంతలో నాయన వచ్చాడు.

ఆకు ముందు కూర్చున్న మనిషిని లెమ్మనడం మా ఇళ్లలో లేదు, శత్రువైనా సరే. నాయన ద్వారం దగ్గరే నిలబడ్డాడు. వంటాయనను చూశాడు, అవ్వను చూశాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనకు ఎంత కోపం వచ్చిందో ఎర్రబడ్డ చెవులు చెప్పాయి గాని, మాట మాత్రం మెల్లగా వచ్చింది.

"పంతులూ, గీ వంట మాది గాదు. మా అమ్మ చేయించింది, నాకు తెల్వదు. చెప్పకుంటే దొంగతనమైతది గనుక చెప్తున్న. తినుడు తినకపోవుడు మీ ఇష్టం."

ఇక్కడ ఆయనకు దారి తెరిచే ఉంది. వడ్డించిన విస్తరి, బ్రాహ్మడి చేతి వంట, కాదనలేని గృహస్థు. నాలుగు ముద్దలు తినేసి ‘మీ ఇంట్లో తిన్నాను’ అంటే, నాయన దాన్ని నమ్మేవాడు కాదుగాని నోరు మూసుకునేవాడు. నాకైతే ఆయన తినేస్తే బాగుండుననే అనిపించింది. నాకు కావలసింది న్యాయం కాదు, ఇంగ్లీషు.

ఆయన ఔపోసన పట్టబోతున్న చెయ్యి ఆపాడు. విస్తరి వైపు చూశాడు. అవ్వ వైపు తిరిగి, "అమ్మా, ఈ ఇంట్లో మీరు వండింది ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"ఏముంటది అయ్యా... పొద్దుగాల నా మట్టుకు చేసుకున్న జొన్నరొట్టె ఒకటి ఉన్నది. సల్లారిపాయె."

"తెండి."

"ఏమిటండీ ఇది!" అన్నాడు వంటాయన పెరట్లోంచి. "శ్రావణ పూర్ణిమ పూట, కొత్త యజ్ఞోపవీతం వేసుకుని..."

"మీ వంట దివ్యంగా ఉందండీ. వీళ్లు తింటారు" అన్నాడు పంతులుగారు.

అవ్వ రొట్టె తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. అలవాటుగా ఎల్లిపాయ కారం కూడా తెచ్చి, గుర్తొచ్చి గబుక్కున వెనక్కి తీసుకుంది. కోస్తా మనిషి, జొన్నరొట్టె ఎన్నడూ చేత్తో పట్టినవాడు కాదు. అప్పడం అనుకున్నట్టు విరవబోయాడు. చల్లారిన జొన్నరొట్టె విరగదు, సాగదు, మొండికేస్తుంది. నాయన అదంతా చూస్తూ కాసేపు నిలబడి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గట్ల గాదు పంతులూ. తుంచి, జర సేపు నోట్ల ఉంచున్రి. మెత్తగైతది. తొందర పడితే పండ్లు పోతయి."

నాయనే దాన్ని తుంచి సగం ఆయనకిచ్చాడు, సగం తను తీసుకున్నాడు. ఇద్దరూ నమిలారు. చల్లారిన జొన్నరొట్టె తినడానికి చాలాసేపు పడుతుంది. పంతులుగారి మొహంలో ఆనందం, త్యాగం లాంటివేమీ లేవు. పథ్యం తింటున్న రోగిలా ఉన్నాడు. గొంతుకు అడ్డం పడితే తన చెంబులోని నీళ్లే తాగాడు. అది కూడా చెప్పాలి. చెప్పకపోతే నేనూ ఇస్త్రీ చేసినదాన్నవుతాను.

ఆనాడు ప్రవర లేదు, పాఠం లేదు. తిని లేచి వెళ్లిపోయాడు. వంటాయన వండిన భోజనం మేం తిన్నాం. ఇంగువ బాగా కుదిరింది.

మర్నాడు వేళకు వచ్చాడు. కూర్చోకుండా నాయన మిషను ముందు నిలబడి, "మాస్టరు గారూ, ఒక సంగతి దాచడం నాకు చేతకాదు. నిన్న గదికి వెళ్లి స్నానం చేశాను. జంధ్యం మార్చుకున్నాను. జపం చేసుకున్నాను" అన్నాడు.

తిన్నది కక్కి వచ్చి చెప్పినట్టే కదా అనుకున్నాను. నాయన కాలు మిషను మీద ఆగింది.

"మార్చుకుంటే మార్చుకున్నరు. తిన్నరా లేదా?"

"తిన్నాను."

"మళ్ల తింటరా?"

"తినాలంటే తింటాను. తిన్నప్పుడల్లా మార్చుకుంటాను."

నాయన లేచి లోపలికి వెళ్లాడు. అవ్వ తీరిక ఉన్నప్పుడల్లా తకిలీ మీద నూలు వడికి, మా వాళ్ల కోసం జంధ్యాలు చేసి ఉంచేది. వాటిలో ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

"ఆదివారం ఆదివారం రొట్టె తినున్రి. పోయేటప్పుడు ఇది తీస్కపోన్రి. మా ఇంట్ల తిన్న దోషం మా నూలుతోనే పోనీ. మీకు కొనుక్కునే ఫికర్ ఉండది."

ఎగతాళో, మర్యాదో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు రెండూ అనుకుంటాను. పంతులుగారు ఆ పోగును వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆ చూడటంలో ఒక మాటను పరీక్షించే శ్రద్ధే ఉంది.

"గంజి పెట్టారా దీనికి?"

అవ్వ తలుపు చాటునుంచి అంది: "మగ్గానికి పోయే నూలుకు పెడ్తం అయ్యా, ఉడికిన గంజి. జంధ్యానికి పెట్టం. ఇది పచ్చి నూలే."

"పచ్చిదైతే అభ్యంతరం లేదు" అని తీసుకుని చంకలోని పత్రికలో మడిచిపెట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "పుస్తకం తియ్" అన్నాడు.

అట్లా ఆదివారాలు సాగాయి. రొట్టె, నాయనతో చెరి సగం, పాఠం, వెళ్లేటప్పుడు గూట్లోంచి ఒక జంధ్యం. కులంవాళ్లు ఒకరిద్దరు కళ్లారా చూసి పోయారు. సిద్దిపేట వాళ్లకు నాయన కబురు పంపాడు, పిల్ల చదువుకుంటుంది, వేరే చూసుకోండి అని. నేను మెట్రిక్ గట్టెక్కాను, కాలేజీలో చేరాను, అక్కడ ఇంగ్లీషు చెప్పే దొరసానితో కూడా వాదించాను. జాగీర్లు పోయాక పుస్తకాల బీరువాలూ పోయాయి, పంతులుగారు బందరు వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఆయన్ను చూడలేదు. ఇవి ఎవరైనా చెప్పగలిగే సంగతులు. రొట్టె తప్ప మిగతావి ఆ మేనల్లుడికీ తెలిసే ఉంటాయి.

ఎవరికీ తెలియనిది ఒక ఆదివారం. మెట్రిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పంతులుగారు రొట్టె తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పాఠం చెప్పాడు, వెళ్లిపోయాడు. గూట్లో జంధ్యం అలాగే ఉంది. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని గడప దాకా వెళ్లాడు. ఆయన ఇంకా బాట ఎక్కలేదు, పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు.

"పిలువు నాయినా, మర్చిపోయినట్టున్నడు" అన్నాను.

నాయన పిలవలేదు. "మర్చిపోతే మర్చిపోనీ" అన్నాడు.

మర్చిపోయాడనే నేను వారమంతా వాదించాను. దారిలో ఏదో మాట తగులుకుని ఉంటుందన్నాను. పరధ్యానం మనిషి, మనసు మారేవాడైతే ముందే చెప్పేవాడు, ఏదీ దాచడం చేతకాదని తనే అన్నాడు కదా అన్నాను. నాయన వింటూ మిషను తొక్కుకున్నాడు. అవ్వ మాత్రం ఎప్పటిలాగే ఇంకొక జంధ్యం చేసి గూట్లో పెట్టింది.

పై ఆదివారం పంతులుగారు వచ్చేసరికి అక్కడ రెండున్నాయి. ఆయన వాటిని చూశాడు. చూశాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కూర్చుని, అవ్వ తెచ్చిన వేడి రొట్టెను ఈసారి నాయన తుంచేదాకా ఆగకుండా తనే తుంచి, పెద్ద ముక్క నాయన వైపు జరిపి, నమలడం మొదలుపెట్టాడు. నోట్లో ముద్ద ఉండగానే నాకు సైగ చేశాడు, పుస్తకం తెరవమని.